రాతిపై వ్రాసిన మాట - నడవడిలోని మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయ ద్వారముచెంత ఒక చలువరాతి ఫలకము నిలుపవలెననియు, అందు ఈ సంస్థయొక్క ధ్యేయమును, భావిదర్శనమును, విలువలను చెక్కింపవలెననియు కార్యవర్గమువారు తలపెట్టియున్నారు. ఆ వాక్యములు ఎట్లుండవలెనో నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. వాక్యములు కూర్చుట కష్టము కాదు. విజ్ఞానజ్యోతి, సమసమాజము, నిస్స్వార్థసేవ అను మాటలను తగిన సమాసములలో గ్రుచ్చినచో ఒక పూటలో ఫలకము నిండును. ఆ ఫలకమునకును, లోపలి బీరువా తాళమునకును సంబంధమేమి యన్నదే నేడు నేను మనవి చేయదలచిన విషయము.

ఈ కాలమున ఏ కంపెనీకి పోయినను, ఏ బ్యాంకుకు పోయినను, గోడమీద అద్దపు చట్రములో మూడు శీర్షికలు కనబడును: మిషన్, విజన్, వాల్యూస్. మేమెందుకున్నామని మొదటిది, మేమెట్టివారము కాగోరుచున్నామని రెండవది, ఏ నియమములను తప్పమని మూడవది చెప్పును. సంస్థాసంస్కృతి యనునది నాలుగవది. దానికి చట్రము లేదు. కొత్తగా చేరిన గుమాస్తా గోడ చదివి పని నేర్చుకొనడు. పాత గుమాస్తా దేనికి కసరుకొనునో, దేనిని చూచియు చూడనట్లు పోవునో, ఎవరు వచ్చినప్పుడు లేచి నిలుచునో కనిపెట్టి నెల దినములలో నేర్చుకొనును. ఆ నేర్చుకొన్నదే సంస్కృతి. గోడ చెప్పునదియు, గుమాస్తా నేర్చినదియు ఒకటియైన సంస్థలు లేకపోలేదు గాని, అరుదు.

దృష్టాంతము కొరకు మనము విదేశములకు పోనక్కరలేదు. కర్నూలు జిల్లాలో జొన్నగిరికి సమీపమున, ఎర్రగుడి బండలపై అశోక చక్రవర్తి శాసనములున్నవి. అవి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దము నాటివి. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో వ్రాసినవి. పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును అక్కడ ఒక్కచోటనే కలవు. తొలకరి కురిసిన వెంటనే జొన్నగిరి చేలలో వజ్రముల కొరకు ఎక్కడెక్కడి జనమో వచ్చి మట్టి వెదకుదురు. ఆ బండలను చూడబోవువారు మాత్రము తక్కువ. అది యట్లుండనిండు.

ఆ శాసనములను ఒక ఆశయపత్రముగా భావించి చదివి చూడుడు. మొదటి దానిలో జీవహింస కూడదని యున్నది. అంతటితో ఆగినచో అదియు ఒక గోడరాతయే. కాని చక్రవర్తి తన వంటయింటి లెక్క కూడ చెప్పినాడు. పూర్వము ఆ వంటయింట దినదినము లక్షలకొలది ప్రాణులు కూరకై చంపబడుచుండెడివి. శాసనము వ్రాయించునాటికి మూడు మాత్రమే: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింకయు నిత్యము కాదు. ఇకమీదట ఆ మూడును చంపబడవు. లెక్కలు వ్రాయువాడనగుటచేత కాబోలు, మహాశయులారా, నాకు ఆ రెండు నెమళ్లు మిక్కిలి గౌరవింపదగినవిగా తోచును. భూతదయను దేశమంతట చాటుచున్న ప్రభువు, తన యింట ఇంకను మిగిలియున్న కొరతను సంఖ్యతో సహా రాతికెక్కించినాడు. ఏ కంపెనీ వార్షిక నివేదికలోనైనను, మొదటి పుటయందు, ఇట్టి పంక్తిని మీరు చూచితిరా?

మూడవ శాసనములో యుక్తులు, రాజుకులు, ప్రాదేశికులు అను ఉద్యోగులు అయిదేండ్లకొకసారి పర్యటన చేయవలెనని యున్నది. రాజుకులనగా త్రాటితో భూమిని కొలుచువారని కొందరు పండితులందురు. ఆ లెక్కన వారు కరణములకు ముత్తాతలు. అయిదవదానిలో, పట్టాభిషేకమైన పదుమూడేండ్లకు ధర్మమహామాత్రులను నియమించితినని రాజు చెప్పుచున్నాడు. ఆరవదానిలో, తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమునందున్నను, ఉద్యానమునందున్నను, ప్రజల పనిని గూర్చిన వార్తను తెచ్చి వినిపింపవచ్చునని ఆజ్ఞ. చిన్న శాసనములో, రాజుకుడు భేరి వేయించి జానపదులకు ఈ మాట వినిపింపవలెనని కలదు. ఆశయము చెప్పుట ఒక వంతు. దానిని వినిపించువాడెవడు, తనిఖీ చేయువాడెవడు, ఏ వేళ ఎవరి తలుపు తట్టవచ్చును అన్నవి మిగిలిన మూడు వంతులు. ఆ ధర్మము పల్లెలలో ఎంతవరకు నడచినదో బండ చెప్పజాలదు. నడుపుటకు చేసిన ఏర్పాటు మాత్రము బండమీదనే యున్నది.

మాట ఒక దారిని, ఏర్పాటు మరియొక దారిని పోయిన కథ కావలెనన్నచో మన కె.సి. కాలువ చరిత్ర చాలును. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట మొదలుకొని కడప వరకు సుమారు 190 మైళ్ల కాలువ. దీనిని మొదట త్రవ్వించినది ప్రభుత్వము కాదు, ఇంగ్లండునందు పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ దొరగారి ఊహను అనుసరించి, తుంగభద్ర జలముతో క్షామసీమను తడిపి, అదే కాలువలో పడవలు నడిపి, పెన్న మీదుగా నెల్లూరుసీమతో కలుపవలెనని వారి సంకల్పము. ఇంతకంటె గొప్ప ధ్యేయవాక్యమును ఏ కంపెనీయు వ్రాసికొనజాలదు. 1863 నుండి 1870 వరకు పని జరిగినది. త్రవ్వుట కడపతో ఆగినది.

కంపెనీ మూలధనములో పదిలక్షల పౌనులపై నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చియుండెను. దీని ఫలము ఆలోచింపుడు. రైతు నీరు పెట్టుకొన్నను, పెట్టుకొనకున్నను వాటాదారునకు వడ్డీ ముట్టును. ఆ వడ్డీ వచ్చునది ఈ దేశపు రాబడినుండి, అనగా చాలవరకు రైతు కట్టిన శిస్తునుండియే. ధ్యేయము క్షామనివారణము, లాభమునకు మాత్రము క్షామనివారణముతో ముడి లేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, ప్రత్తి వేసికొను రైతును పిలిచి, నీకు ఏ పైరునకు, ఏ నెలలో, ఏ ధరకు నీరు కావలెనని అడుగవలసిన అగత్యము వారికి కలుగలేదు. మామూలు సంవత్సరములలో రైతులు నీటితీరువ కట్టుటకు ముందుకు రాలేదు. 1876-78 నాటి మహాక్షామములో మాత్రము నీటికై వచ్చిరి. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొని తన వశము చేసికొనెను. దోషము కాలువది కాదు. అదే కాలువ నేడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో ఎన్నో గ్రామములకు అన్నము పెట్టుచున్నది. కంపెనీవారందరు దుర్మార్గులని నేననను. ఎటు నడచినను వడ్డీ ముట్టునట్టి ఏర్పాటులో ఎంత సజ్జనుడైనను రైతు గడప త్రొక్కుట మరచిపోవును.

మన కాలపు కథ యొకటి మీకందరికిని తెలిసినదే. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన ఒక కంప్యూటరు కంపెనీకి యజమానులు పెట్టుకొన్న పేరే సత్యం. సంస్థను చక్కగా పాలించుచున్నారని 2008లో దానికి 'గోల్డెన్ పీకాక్', అనగా బంగారు నెమలి, అను బహుమానము వచ్చెను. 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజుగారు తామే ఉత్తరము వ్రాసి, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనిరి. బహుమానము వెనుకకు పోయినది. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించెను. అశోకుని నెమళ్లు లెక్కలో చూపినవి. ఈ నెమలి లెక్కలో చూపనిదానిని కప్పినది. ఇంకొక మాట కూడ చెప్పక తప్పదు. అందు పనిచేసిన వేలకొలది మన పిల్లలు తమ పనిని తాము నిజాయితీగా చేసికొనుచుండిరి. 2009లోనే టెక్ మహీంద్రావారు కంపెనీని తీసికొన్నప్పుడు మిగిలియున్న అసలైన ఆస్తి వారి పనితనమే. పై అంతస్తున ఒక సంస్కృతి, క్రింది అంతస్తున మరియొకటి ఉండవచ్చును. గోడమీది వాక్యము మాత్రము ఇద్దరికిని ఒక్కటే.

వాక్యముకంటె అలవాటు ముందు పుట్టిన చోటులును కలవు. 1820లో కడపకు ఉద్యోగముపై వచ్చిన సి.పి.బ్రౌను దొరగారు తమ బంగళాలో పండితులను నిలిపి, తమ సొమ్మునుండి జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పాఠములు సరిపోల్చి, శుద్ధప్రతి వ్రాయించిరి. ప్రతులు సరిపోల్చనిదే ముందుకు పోరాదన్న ఆ దినచర్యయే వారి సంస్థ. ఆ బంగళా యున్న చోటనే నేడు వారి పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును నడచుచున్నవి.

అట్లని ఫలకములన్నియు వ్యర్థములని నా అభిప్రాయము కాదు. కచేరి గోడమీద 'సత్వరసేవయే మా ధ్యేయము' అని యున్నచో రైతు చేయగలిగినదేమియు లేదు. 'ఈ కాగితము ఇన్ని దినములలో ఇత్తుము, ఈయనిచో ఫలానా అధికారికి చెప్పికొనుడు' అని యున్నచో, బలము లేనివాడు సైతము వ్రేలు చూపి, అయ్యా, ఇక్కడ వ్రాసియున్నది గదా యని అడుగవచ్చును. అడుగుటకు వీలైన వాక్యమే సంస్థ అలవాటును మెల్లమెల్లగా మార్చును. పొగడుటకు మాత్రమే వీలైనది మార్చదు.

ఇక మన యింటి సంగతి. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిది, పుస్తకమున్నది వాడుట కొరకని. కర్నూలునందు జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును వయోజనవిద్యతో జోడించి, చదువు రానివానిని గూడ గ్రంథాలయమునకు రప్పింపవలెనని పాటుపడిరి. మన నిబంధనావళిలోను 'కులమతభేదము లేక ఎల్లరకును' అని యున్నది. ఈ ప్రసంగము కొరకు ఇరువదియైదేండ్ల ఇష్యూ రిజిస్టరులను తిరుగవేసితిని. పుస్తకము తీసికొన్నవారిలో పెద్దభాగము రెండు వీధులవారే. స్త్రీలు చదువుచున్నారని మనమెరుగుదుము, కాని వారి పేర్లు రిజిస్టరులో మిక్కిలి అరుదు. అన్నపేరనో, కొడుకుపేరనో పుస్తకము ఇంటికి పోవుచున్నది. కూలికి పోవువారి పేర్లు వెదకవలసియున్నది. కారణము వారికి చదువుపై ఆసక్తి లేకపోవుట కాదు. మనము తలుపు తీయునది వారు చేలలో ఉండు వేళ. పుస్తకమునకు దరావతు అడుగుదుము. పై వీధి పిల్లవాడు దరావతు లేక తీసికొనిపోయినచో, తెలిసిన పిల్లవాడే గదా యందుము. ఎవరును ఎవరిని పొమ్మనలేదు. నిబంధనావళి ఒకటి చెప్పుచుండగా, మన ముఖములు మరియొకటి చెప్పుచున్నవి. దాతల పేర్లు మాత్రము గోడమీద పెద్ద అక్షరములలో నిండుగా నున్నవి. పుస్తకముల జాబితా ఇంకను సగములోనే యున్నది.

కావున కార్యవర్గమువారికి నా మనవి. చలువరాయి వలదు. బేతంచెర్ల నాపరాయి చవుక, గట్టి. దానిపై మూడు పంక్తులు చాలును: తలుపు తీయు వేళలు, దరావతు లేక పుస్తకము పొందగలవారెవరు, పుస్తకము దొరకనిచో ఎవరిని అడుగవలెను. ఆ రాతిక్రింద ఒక నల్లబల్ల నుంచి, ఏటేట ఉగాదినాడు ఆ సంవత్సరము మనము చేయలేకపోయినదానిని అంకెలతో సుద్దముక్కతో వ్రాయుడు. మన రెండు నెమళ్లును అక్కడ కనబడనిండు. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది గంటల వరకు తలుపు తీయుటకును, దరావతు తీసివేయుటకును తీర్మానములు రాబోవు సమావేశమున ముందుగా పెట్టుడు. అవి నెగ్గిన మరునాడు శిల్పికి కబురు పంపవచ్చును.