పలకకు ముందు పలుకు

(శరన్నవరాత్ర మహోత్సవముల సందర్భమున దేవస్థాన మండపములో చేసిన ప్రసంగము)



రేపు మూలా నక్షత్రము. అమ్మవారిని సరస్వతీ రూపమున అలంకరించు దినము. తెల్లవారకముందే ఈ మండపము నిండా పలకలు, బలపములు, పళ్లెములలో బియ్యము, తల్లుల ఒళ్లలో పిల్లలు. ఏటేటా మీరు చూచుచున్నదే. కనుక ఈ సాయంకాలము దేవీభాగవత కథను కొంచెము ప్రక్కన ఉంచి, రేపు మన చేతులలోనికి రాబోవు ఆ చిన్న చేతులను గూర్చి మాట్లాడుదునని ధర్మకర్తలకు మనవి చేసితిని. వారు అంగీకరించినారు.

అక్షరాభ్యాసమునకు శాస్త్రములో విద్యారంభమని పేరు. గృహ్యసూత్రములలో చౌలమున్నది, ఉపనయనమున్నది. ఈ రెంటి నడుమ విద్యారంభమును ప్రత్యేక సంస్కారముగా చేర్చినవారు తరువాతి నిబంధకారులు. యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య వ్రాసిన అపరార్కుడు మార్కండేయ పురాణ వచనమును చూపి, అయిదవ యేట, శ్రీమహావిష్ణువు యోగనిద్రలో లేని కాలమున దీనిని జరుపవలెనన్నాడు. "అట్లయిన ఆశ్వయుజములో స్వామి నిద్రించుచుండగా మీరెట్లు చేయించుచున్నారు?" అని ఒక యువకుడు నన్ను నిలదీసినాడు. తండ్రి నిద్రించునప్పుడు తల్లి మేల్కొనియుండును గదా, నాయనా, అంటిని. నవ్వినాడు. నిజమునకు అది దేశాచారము. కేరళమున విజయదశమి నాడు, వంగదేశమున మాఘ శుద్ధ పంచమి నాడు పిల్లలచేత తొలి అక్షరము వ్రాయింతురు. మన బాసరలో వసంత పంచమికి వచ్చు జనసమూహము మీకు తెలియనిది కాదు.

తిథి గూర్చి నన్నడుగువారు నూరుమంది. వయస్సు గూర్చి అడుగువారు ఒక్కరును లేరు. అయిదవ యేడు అనగా నాలుగేండ్లు నిండిన పిదప. ఇప్పుడు రెండున్నర యేండ్ల పసివానిని తెచ్చి, "అయ్యగారూ, జూన్‌లో నర్సరీలో వేయవలెను, ముందుగానే కానిండు" అనుచున్నారు. అక్షరాభ్యాసము చేయించుటకు నాకు అభ్యంతరము లేదు. అది అమ్మవారి ఆశీస్సు. మరునాటి ఉదయము నుండి ఇంటిలో జరుగు దానిని గూర్చియే నా బెంగ.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజకుమారుని శిక్షణ చెప్పుచు, చౌలము కాగానే లిపిని, సంఖ్యలను నేర్పవలెననియు, ఉపనయనానంతరము వేదాదులను చెప్పింపవలెననియు విధించినాడు. అనగా గురుకులమునకు ముందే ఇంటిపట్టున అక్షరములు, అంకెలు. ఇది క్రొత్త ఆచారము కాదు. కాళిదాసు కూడ రఘువంశము మూడవ సర్గలో, బాలుడైన రఘువు లిపి నేర్చి, నదీముఖము గుండ సముద్రమును చొచ్చినట్లు వాఙ్మయమును చొచ్చెనని వర్ణించినాడు. అందరు ఆ ఉపమానమును మెచ్చుకొందురు. నాకు నచ్చినది మరియొకటి. ఆ పిల్లవాడు మంత్రుల కుమారులతో, తన యీడువారితో కలిసి నేర్చినాడు. చక్రవర్తి కొడుకైనను వానిని ఒంటరిగా గోడకెదురుగా కూర్చుండబెట్టలేదు.

నేను కూర్చుండబెట్టితిని. దాచుకొనుట దేనికి? నా పెద్ద కుమారునికి నాలుగవ యేడు నడుచుచుండగా, పాఠశాలలో నేను నేర్చిన కాఠిన్యమంతయు వానిపై చూపితిని. "ణ" అక్షరము వంకర పోయినప్పుడెల్ల వాని వ్రేలి కణుపుపై బలపముతో కొట్టితిని. ఒకనాడు పలక కనబడలేదు. మూడు దినములు వెదకితిమి. చివరకు పశువుల కొట్టములో, గడ్డివామి అడుగున దొరికినది. వాడు దానిని దాచలేదు, రెండు ముక్కలు చేసి పాతిపెట్టినాడు. ఆ తరువాత ఏడాది పాటు నా అడుగుల చప్పుడు విన్నచో వాని మాట తడబడెడిది. వాడిప్పుడు మనుమలనెత్తినవాడు. ఇప్పటికిని నా యెదుట సంతకము చేయవలసివచ్చినచో, కాగితము తీసికొని ప్రక్క గదిలోనికి పోవును.

ఆ ఏడాది వానికి చదువు చెప్పినది నా భార్య. ఆమె బడి మెట్టు ఎక్కినది కాదు. వామనగుంటల పీటను ముందు పెట్టుకొని, పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుచు ఆడెడిది. గుంటకు నాలుగేసి గింజలు పోసి, "రెండు గుంటలలో ఎన్నిరా?" అనెడిది. వాడు ఎనిమిది అనెడివాడు. ఎక్కమని ఆమె చెప్పలేదు, వానికి తెలియదు. దేవతార్చనకు పూలు కోయునప్పుడు లెక్క, దీపారాధనలో వత్తుల లెక్క. నా మహన్యాసమంతయు చేయలేని పని చింతగింజలు చేసినవి.

వేదమాత కూడ ఆ తీరుననే చెప్పినదని తరువాత తోచినది. చమకములోని పదునొకండవ అనువాకము మీరందరు అభిషేకములలో విన్నదే. ఒకటి, మూడు, అయిదు అని ముప్పది మూడు వరకు బేసి సంఖ్యలు. ఆపై నాలుగు, ఎనిమిది, పన్నెండు అని నలుబది యెనిమిది వరకు. తైత్తిరీయ సంహిత ఏడవ కాండములో ఈ వరుసలు ఇంకను విస్తరించి, నూరు, వేయి దాటి పరార్ధము వరకు పోవును. రోజును శివాలయములో వినెడి పిల్లవానికి నాలుగవ ఎక్కము స్వరముతో సహా చెవిలో పడుచున్నది. అర్థము తరువాత వచ్చును. రానిండు.

అక్షరముల సంగతియు అంతే. మేము వేదమును వ్రాసి నేర్వలేదు. గురువు ఒకమారు చెప్పును, శిష్యులు రెండుమార్లు చెప్పుదురు, అదియే సంత. వ్రాతను చూచి చదువువానిని పాణినీయ శిక్ష అధమ పాఠకులలో లెక్కించినది. కాబట్టి ముందు చెవి, తరువాత నోరు, ఆ పైన కన్ను, చివరకు చేయి. మనము తలక్రిందులుగా, చేతితో మొదలు పెట్టుచున్నాము. ఆ చేయి సిద్ధముగా ఉన్నదా? మణికట్టులోని ఎనిమిది ఎముకలలో కొన్ని నాలుగేండ్లు దాటినను ఇంకను మృదులాస్థిగానే యుండునని వైద్యులు చెప్పుదురు. అట్టి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకములో పేజీలు నింపుమనుట న్యాయమా?

మన వర్ణమాలయే ఒక ఆట. క-వర్గము కంఠమున, చ-వర్గము తాలువున, ట-వర్గము మూర్ధమున, త-వర్గము దంతములయందు, ప-వర్గము పెదవులయందు పుట్టును. "ప" అనుచు పెదవులు కలిపి చూపుడు, "క" అనుచు గొంతు తాకి చూపుడు. మూడేండ్ల పిల్ల కిలకిల నవ్వుచు నేర్చుకొనును. పిమ్మట ఇసుకలో వ్రేలితో దిద్దించుడు. వ్యాసమహర్షి గోదావరి ఇసుకను పిడికిళ్లతో తెచ్చి బాసరలో అమ్మవారిని నిలిపినాడని స్థలపురాణము. ఇసుక మన పిల్లలకు తక్కువైనదేమి?

ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టుకొనిపోవునప్పుడు జారవిడువదు, గాయపరుపదు. అక్షరములను అట్లు పలుకవలెనని శిక్షాకారుని ఉపమానము. డెబ్బదియేండ్లు దాటిన తరువాత నాకు తెలిసినదేమనగా, అక్షరమునే కాదు, పిల్లవానిని కూడ అట్లే పట్టవలెను. శిష్యుని కుమారునివలె చూచుకొనుమని మన ఆపస్తంబుడే చెప్పినాడు. మధురమైన వాక్కుతో, హింస లేక బోధింపుమని మనువు చెప్పినాడు. ఇవి చదివియే నేను బలపముతో కొట్టితిని.

"ప్రక్కింటి పిల్ల నూరు వరకు చెప్పుచున్నది, మావాడు పది దాటడు" అని కన్నీరు పెట్టుకొను తల్లులున్నారు. అమ్మా, మీవానిని మూడు కొబ్బరిచిప్పలు తెమ్మని పంపి చూడుము. మూడే తెచ్చినచో వానికి లెక్క వచ్చినట్లే. నూరు వరకు పాట వలె అప్పగించినంత మాత్రమున సంఖ్య తెలిసినట్లు కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ బడి చదువును ఆరేండ్ల నుండియే చెప్పినది. తొందర యెవరిది?

ఇక రేపటి సంగతి. పిల్లలను ఆకలితో తీసికొని రావలదు. ఉపవాసము మీకే, వారికి లేదు. పాలు పట్టించి తెండు. పట్టుబట్టలు గుచ్చుకొనుచో నూలుబట్టలే వేయుడు. బియ్యములో వ్రాయించునప్పుడు చేయి గట్టిగా అదుమవలదు, మీ చేయి క్రింద వారి చేయి తేలికగా నుండవలెను. పోయిన యేడు ఒక పాప "ఓం" వ్రాయకముందే పిడికెడు బియ్యము నోటిలో వేసికొన్నది. తండ్రి కసురబోయినాడు. నేను వారించితిని. రేపు కూడ అట్లు జరిగినచో ఎవరును కసురవలదు. పళ్లెములో మరికొంత బియ్యము పోయుటకు వంటశాలవారికి చెప్పియున్నాను. ఏడ్చు పిల్లలను బలవంతముగా కూర్చుండబెట్టక, ప్రదక్షిణము చేయించి, ఏనుగు వాహనమును చూపించి, మరల తీసికొని రండు. మధ్యాహ్నము వరకు నేను ఇచ్చటనే కూర్చుండియుందును.