వీధుల మరమ్మతు గుత్త: ఎవరికి? దేనికి?

(అమలాపురమునందు పన్ను చెల్లించు పురజనుల సమావేశమున మేము గావించిన ప్రసంగపాఠము)



నదీజలముల వాటాలను గుఱించియు, రాజధానిని గుఱించియు వాదములు చెలరేగుచుండగా వీధిలోని గోతులను గుఱించి ప్రసంగమేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుటకు ముందు ఒక లెక్క వినుడు. 2013 మొదలు 2017 వఱకు ఐదేండ్లలో ఈ దేశమునందు రోడ్ల గోతులవలన మరణించినవారు 14,926 మంది. 2018 డిసెంబరులో ఈ సంఖ్యను చూచి సుప్రీముకోర్టు న్యాయమూర్తులు, సరిహద్దులలోను ఉగ్రవాదుల చేతులలోను చనిపోవువారికంటె ఇది యెక్కువ కాబోలునని విస్తుపోయిరి. సరిహద్దున మరణించినవానికి తుపాకివందనము జరుగును. గోతిలో పడి మరణించినవానికి బండి నిదానముగా నడుపవలసినదను నింద మిగులును.

పురపాలక సంఘమువారు వీధుల సాలువారీ మరమ్మతునకు గుత్త యిచ్చుట యెట్లన్నదే మా విషయము. ఏ గుత్తదారునకిచ్చిరని యడుగువారు పలువురు. దేనికిచ్చిరని యడుగువారు అగపడుట లేదు. మా వాదమంతయు ఈ రెండవ ప్రశ్నమీదనే.

సాధారణముగా ఏ పురపాలక సంఘమునందైనను పద్ధతి యిది. వానలు వెలిసిన పిమ్మట ఇంజనీరు వీధులు చూచి, గోతులు కొలిచి, ప్రభుత్వపు ధరల పట్టీ ననుసరించి అంచనా వ్రాయును. టెండరు పిలుతురు. అంచనాకు ఎవరెక్కువ తగ్గించి వ్రాసిరో వారికి పని దక్కును. గోయి నింపిన పిదప చదరపు మీటర్ల వంతున కొలతల పుస్తకమున కెక్కింతురు, దానిపై బిల్లు. ఇందులో అక్రమమేమియు జరుగదనియే యనుకొందము. ఇంజనీరు నిజాయితీపరుడు, గుత్తదారు మర్యాదస్థుడు. అయినను ఈ యేర్పాటులో ఒక వింత గలదు. గోయి యెంత పెద్దదైన బిల్లంత పెద్దది. నింపిన గోయి మరుసటియేడు మరల నోరు తెఱచెనా, మరల నొక అంచనా, మరల నొక టెండరు. రోడ్డు చక్కగా నున్న దినమున ఎవ్వరికిని పైసా రాదు. అట్టి దినములు పెరుగవలెనని కోరువాడు ఈ లావాదేవీలో బాటసారి తప్ప మఱియొకడు లేడు. వానికి సంతకము లేదు.

దీనికి మాఱైన మాదిరి మన సీమలోనే కలదు. అది రేవుపాట. సఖినేటిపల్లి రేవున పంటెక్కి నరసాపురము దాటినవారందఱెఱిగినదే. పాట దక్కించుకొన్నవాడు పంటు నడచిన దినముననే రేవుకూలి పుచ్చుకొనును. పంటు చిల్లుపడి ఒడ్డున నున్నచో కూలి లేదు. అందుచేత చిల్లు పడకముందే వాడే చూచుకొనును; చిల్లును కొలిచి అంచనా వ్రాయువారితో పని లేదు. రేవుపాటలలో అన్యాయములు లేవని మా భావము కాదు. మితిమీరి జనము నెక్కించు దురాశ ఎన్ని ప్రాణములు తీసినదో గోదావరి యెఱుగును. మేము చెప్పునది కూలికిని పనికిని నడుమనున్న ముడిని గుఱించి మాత్రమే. వీధిమరమ్మతునకును అట్టి ముడియే వేయవలెను. పూడ్చిన గోతికి గాక, గోయి లేకుండ నిలిపిన నెలకు డబ్బియ్యవలెను.

ఇక మన నేల సంగతి. ఇరుప్రక్కల గౌతమి, వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఒండ్రునేల, కొద్దిగా త్రవ్విననే నీరు. రోడ్లనేకము కాలువగట్లపై నడచినవి. ప్రక్కనే కొబ్బరితోట, తోటలో బోదెలు. ఇట్టిచోట రోడ్డునకు మొదటి శత్రువు చక్రము కాదు, నీరు. 1816లో బ్రిస్టలు ప్రాంతపు రోడ్లపై పర్యవేక్షకుడుగా నియుక్తుడైన మెకాడము దొర బోధించినదిదియే: బరువును తుదకు మోయునది క్రింది నేల, ఆ నేలను పొడిగా నుంచినంతకాలమే అది మోయును. తారునకును రాతికిని గల పట్టును నీరు విడదీయును. చక్రము నొక్కినప్పుడెల్ల పగులులోని నీరు పిచికారివలె చిమ్ముచు సన్నరాతిని వెంటగొనిపోవును. ముంగారులో వెండ్రుకంత యున్న పగులు దీపావళినాటికి పళ్లెమంత గోయి యగుట ఈ విధముననే.

కావున కోనసీమలో రోడ్డుమరమ్మతనగా సగము పారపని. రోడ్డు మార్జినులో పెరిగిన గడ్డిని, మట్టిమిట్టను చెక్కివేసి నీరు ప్రక్కకు దిగునట్లు చేయుట, తూములలో పూడిక తీయుట, పగుళ్లను వానలకు ముందే మూయుట. ఇవి చౌకపనులు. చౌకవి యగుటచేతనే అంచనాలలో వీనికి చోటు చాలదు. వీనివలన బిల్లు పెరుగదు గదా! 2011లో ఈ సీమ రైతులు పంటవిరామము ప్రకటించినపుడు వారి మొఱలలో మురుగుకాలువల పూడిక యొకటి. చేనికి పట్టిన జబ్బే వీధికిని పట్టినది.

కాటను దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. నూట డెబ్బది యేండ్లు దాటినను ఆ కాలువలు పాఱుచున్నవనిన, వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, లాకులు బాగుచేయు ఆచారమువలననే. ఆ పని సరిగా జరుగని యేట చివరిపొలమునకు నీరందదు, రైతు వెంటనే కనిపెట్టును. వీధిపనికట్టి కాలనియమము లేదు. ఈశాన్యపు వానలు వెనుదీసిన పిమ్మట, జనవరి మొదలు మే వఱకు తారుపనికి అనువైన కాలము. తడిగోతిలో పోసిన తారు అంటదు. కాని మంజూరు, టెండరు, ఒడంబడిక అన్నియు ముగియునప్పటికి మార్చి వచ్చును. అప్పుడు నిధులు మురిగిపోవునను తొందరలో పని జరుగును. లేదా జూను వానలలో జరుగును. టెండరు సెప్టెంబరులోనే పిలువవలెనని మేమనుట యిందుకే.

ధర సంగతికి వత్తము. 2003 నాటి ప్రభుత్వనియమముల ప్రకారము అంచనాకు నూటికి 5 మించిన టెండరును అంగీకరింపరాదు. పైకి హద్దు గలదు, మంచిదే. క్రిందికి దిగువానికి అదనపు ధరావతు తప్ప అడ్డు లేదు. 2019లో రివర్సు టెండరింగు వచ్చినది. తెఱచిన ధరలమీద మరల తగ్గింపు పందెము. 2024లో దానిని తీసివేసిరి. పెద్ద ఆనకట్టలలో దానివలన మిగిలినదెంత యన్న కక్షలవాదము మాకేల? వీధిమరమ్మతున మాత్రము తగ్గించిన రూపాయి ఎక్కడినుండియో రావలెను. గోతి అంచులు చదరముగా కోసి, దుమ్మూడ్చి, పలుచని తారుపూత పూసి, వేడిమిశ్రమమును పొరలుగా వేసి, రోలరుతో అణచవలెను. వీనిలో ప్రతి మెట్టును కంటికి కనబడక తప్పింపవచ్చును. పారతో పోసి, పోవు లారీయే తొక్కునని విడిచిన అతుకు బిల్లునాటికి చక్కగానే యుండును, తొలివానకు లేచిపోవును. చౌకగా కొంటిమని సంతసించి, అదే గోతిని మూడుమాఱులు కొందుము.

ఐదేండ్లకు కలిపి నిర్వహణ నొప్పగించుట క్రొత్త యూహ కాదు. 2000 డిసెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనయందు రోడ్డు వేసినవాడే ఐదేండ్లు కాపాడవలెనను షరతు గలదు. అర్జెంటీనా దేశము 1990 దశకముననే రోడ్డు స్థితినిబట్టి సొమ్మిచ్చు గుత్తలు ప్రారంభించెను. తెలుగువారిలో పెద్దప్రయోగము హైదరాబాదుది. అచ్చటి మహానగరపాలక సంస్థవారు 2019 చివర పెద్దరోడ్లను 709 కిలోమీటర్లు ఏడు భాగములు చేసి, సుమారు 1,839 కోట్ల రూపాయలకు ఐదేండ్ల నిర్వహణ నొప్పగించిరి. గోతులు పూడ్చుటయే గాక క్రొత్తపొర వేయుట, ఊడ్చుట, కాలిబాటల సంరక్షణ, ఇతరులు త్రవ్వినచోట సరిచేయుట, అన్నియు ఒకే చేతిమీదుగా. ఆ గోయి నాది కాదని చెప్పుటకు వీలులేని యేర్పాటు. అందుచేత మాకు నచ్చినది. అయితే ఆ నగరమున వీధులన్నియు కలిపి సుమారు 9,000 కిలోమీటర్లు. మంత్రులు తిరుగు రోడ్డునకు ఐదేండ్ల రక్ష, సందులోనివారికి పాతపద్ధతి. మన పట్టణమున గడియారస్తంభము సెంటరునకును, నల్లవంతెన దారికిని నిర్వహణ గుత్త యిచ్చి, ఎఱ్ఱవంతెన ఆవలి సందులకు అతుకులే మిగిల్చినచో మేము మొదట నిలిచి ఎదిరింతుము.

చిన్న గుత్తదారులు నశింతురను మాట ఒకటి వినవచ్చుచున్నది. అది త్రోసివేయదగినది కాదు. పట్టణమంతయు ఒక్క గుత్త చేసిన దూరపు సంస్థ యొకటి వచ్చి, పనిని మరల మనవారికే సగముధరకు అప్పగించును. నడుమ సగము ఆవిరియగును. కావున వార్డులను మూడునాలుగు భాగములు చేసి, రోలరొకటి, పది పదునైదుగురు కూలీలు గల స్థానికుడు మోయగల పరిమాణమున ఇయ్యవలెను. అంతకన్న చిన్నముక్కలు చేసి టెండరు తప్పించి నామినేషనుమీద పంచుటకు మాత్రము మేమొప్పము.

గుత్తదారుల పక్షమునను న్యాయము గలదు. అమెరికాలో 1958 మొదలు 1960 వఱకు జరిపిన రోడ్డుపరీక్షలలో, ఇరుసుమీది బరువు రెట్టింపైన రోడ్డునకు కలుగు చెఱుపు సుమారు పదునాఱు రెట్లగునని తేలినది. సందులోనికి ఇసుకలారీని విడిచి రోడ్డు నిలుపుమనుట ధర్మమా? మంచినీటి గొట్టమునకై నిన్న వేసిన రోడ్డు నేడు త్రవ్వుట ఎవరి తప్పు? త్రవ్వువారు ముందుగా సొమ్ము కట్టవలెను. పూడ్చువాడు ఆ వీధి గుత్తదారే కావలెను. అన్నిటికన్న పెద్దది బాకీ. 2021 ప్రాంతమున ఈ రాష్ట్రములో రోడ్లమరమ్మతు టెండర్లకు పాతబిల్లులు రాలేదని గుత్తదారులు ముందునకు రాని సంగతి అందఱెఱిగినదే. 2024 నవంబరు 2వ తేదీన అనకాపల్లి జిల్లాలో ముఖ్యమంత్రి గోతులు లేని రోడ్ల కార్యక్రమము నారంభించి వందలకోట్లు కేటాయించుట ఆ దుస్థితికి ప్రాయశ్చిత్తమే. ఉద్యమముగా పూడ్చిన గోతులకు మఱుసటి వానకాలమున దిక్కెవరన్న ప్రశ్న అప్పటికిని మిగిలినదే. ఇంటిపన్నులో నూటికింత యని వీధినిర్వహణకు వేఱు ఖాతా తెఱచి, నెల తిరుగగానే ఆ ఖాతానుండి చెల్లించినగాని నెలవారీ గుత్త నడువదు. తప్పిన నెలకు కోత విధించుటకు హక్కు, జరిగిన నెలకు సొమ్మిచ్చినవానికే గదా!

రాజ్యాంగపు 74వ సవరణము 1993లో అమలునకు వచ్చినది. దానితో చేర్చిన పండ్రెండవ షెడ్యూలున రోడ్లు, వంతెనలు పురపాలక సంఘముల పనులలో నాలుగవవి. రాజోలు, కొత్తపేటల పంచాయతీలకు పదునొకండవ షెడ్యూలున రోడ్లతోపాటు రేవులును చేరినవి. బాధ్యత వ్రాతలో గలదు. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక అడుగు ముందునకు వేసి, గోతిలో పడి మరణించినవాని కుటుంబమునకు 6 లక్షల రూపాయలు ఇయ్యవలెననియు, ఆ సొమ్మును బాధ్యులైన అధికారులనుండియు గుత్తదారులనుండియు రాబట్టవలెననియు తీర్పు చెప్పెను. అది మన హైకోర్టు తీర్పు కాదు. ఇచ్చటను ఎవరైన వ్యాజ్యము వేయువఱకు ఆగవలెనా?

రాబోవు టెండరునకు ముందు మేము కోరునది యింతే. కవున్సిలున్నను, ప్రత్యేకాధికారి యున్నను, గుత్తపత్రపు ముసాయిదాను తెలుగున అచ్చొత్తించి పురపాలక కార్యాలయపు గోడమీద పదునైదు దినములు అంటించి యుంచుడు. ఏ వీధి ఏ గుత్తలోనిది, ఏ రోడ్డు రోడ్లు భవనముల శాఖవారిది, ఏది జాతీయ రహదారివారిది అందు స్పష్టముగా నుండవలెను. గోయి కనబడినదని తెలిపిన ఎన్ని దినములలో పూడ్చవలెనో, పూడ్చనిచో నెలసొమ్ములో ఎంత కోతయో అంకెలలో నుండవలెను. నెలకొకమాఱు ఇంజనీరుతోపాటు ఆ వీధివారిద్దఱు నడచి చూచి సంతకము చేయవలెను. ఆ తనిఖీ పట్టీల నకళ్లు మాకు పంపినచో, మా పత్రికలో ప్రకటనల పుట యొకటి తగ్గించుకొని వారము వారము వానిని వీధుల పేర్లతో అచ్చువేసెదము.