వాయిదా తప్పితే వారంటు

బెయిలు మీద ఉన్న ముద్దాయి వాయిదాకు రాకపోతే, రాలేకపోవడానికి కారణం చెబుతూ అతని వకీలు పిటిషనైనా వేయకపోతే, జడ్జి అరెస్టు వారంటు జారీ చేయవచ్చు. అది నేరానికి శిక్ష కాదు, మనిషిని కోర్టు ముందుకు రప్పించే మార్గం. ముద్దాయి లేక విచారణ ఆగితే, పని మానుకుని వచ్చిన సాక్షులు ఊరికే తిరిగి వెళ్తారు. బాధితులకు న్యాయం ఇంకా ఆలస్యమవుతుంది.

అయితే అరెస్టు చిన్న విషయం కాదు. అందుకే సాధారణంగా ముందు సమన్లు, ఆపైన బెయిలబుల్ వారంటు, అప్పటికీ రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు ఇవ్వాలని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షన్ ప్రకారం, వారంటు అమలయ్యేదాకా, లేదా జారీచేసిన కోర్టు రద్దు చేసేదాకా చెల్లుతుంది. ఏళ్లు గడిచినంత మాత్రాన అది పోదు. కాబట్టి తప్పించుకు తిరగకండి. వకీలుతో కలిసి కోర్టులో హాజరై, ఆసుపత్రి కాగితాల వంటి ఆధారాలు చూపి, వారంటును రద్దు చేయమని రీకాల్ పిటిషను వేయండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.