సువాసన కొవ్వొత్తులు – ఇంటిలోని గాలి
(ప్రసంగ పాఠము)



మనలో కొందరు నిమ్మగడ్డి, సిట్రొనెల్లా సాగు చేయుచున్నారు. ఆ నూనెలు సబ్బులకు, అగరువత్తులకే గాక సువాసన కొవ్వొత్తులకును పనికివచ్చును. వీటిని ఇంటిలో వెలిగించిన ఆరోగ్యమునకు చెరుపా అను ప్రశ్న కాబట్టి మనకును సంబంధించినదే. ఇంకొక కారణము గలదు. మన పల్లెల బిడ్డలు చదువుకో పనికో హైదరాబాదు చేరి, జూబిలీహిల్స్ దాపున రహమత్‌నగర్ వంటి పేటలలో అద్దె గదులు తీసుకొందురు. అచ్చట సందులు ఇరుకు, ఇండ్లు గోడకు గోడ. దోమలకు జడిసి కిటికీ మూసి, లోపల ఏదో ఒకటి వెలిగించువారు కలరు.

మొదట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. వాసన వేరు, పొగ వేరు. సువాసన దుర్వాసనను కప్పునే గాని గాలిని శుభ్రపరచదు.

కొవ్వొత్తి వెలుగునపుడు మైనము కరిగి, వత్తి వెంట పైకి ప్రాకి, ఆవిరియై మండును. మంట నిలకడగా నున్న పొగ స్వల్పము. వత్తి పొడవైనను, గాలికి మంట రెపరెపలాడినను మైనము పూర్తిగా కాలక మసి పుట్టును. సువాసన నూనె ఎక్కువగా కలిపిన వత్తులు మామూలు వాటికన్న ఎక్కువ మసి నిచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2001లో ప్రకటించిన సమీక్షలో గలదు. నూనె మన పొలములో పండినదైనను, కాలినప్పుడు వచ్చునది పొగయే. "సహజము" అను మాట చూచి మోసపోరాదు.

ఈ పొగలోని సన్నని కణములు 2.5 మైక్రానులకు లోపు ఉండును. తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఇంత చిన్నవి గనుక ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతునకు పోవును. ఘనపు మీటరు గాలిలో ఇవి రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది.

అట్లని కొవ్వొత్తి నొక్కదానినే తప్పు పట్టుట న్యాయము కాదు. గ్రాము సిగరెట్టు కాలిన సుమారు 10 మిల్లీగ్రాముల కణములు రాగా, గ్రాము అగరువత్తి కాలిన సుమారు 45 మిల్లీగ్రాములు వచ్చునని పరిశోధనలు తెలుపుచున్నవి. దోమల చుట్ట ఒకటి పూర్తిగా కాలిన, 75 నుండి 137 సిగరెట్లకు సమానమైన సన్నని కణములు వెలువడునని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనలో తేలినది. కట్టెల పొయ్యి పొగ సంగతి మన ఆడవారి కండ్లకే తెలియును.

కావున ఆరోగ్యవంతులు గాలి ఆడు గదిలో ఎప్పుడో ఒక సువాసన కొవ్వొత్తి వెలిగించిన భయపడనక్కరలేదు. మూసిన చిన్న గదిలో, ప్రతి దినము, గంటల తరబడి వెలిగించుటయే చెరుపు. ఉబ్బసము గలవారు, పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు నిదురించు గదిలో పొగ వచ్చునది ఏదియు వెలిగించకుండుట మేలు.

పాటించవలసిన పద్ధతులు:

1. వెలిగించుటకు ముందే కిటికీ తెరువవలెను.
2. వత్తిని అర సెంటీమీటరు మాత్రము ఉంచి కత్తిరించవలెను. ఫ్యాను గాలి తగులనీయరాదు.
3. ఊది ఆర్పిన పొగ లేచును. మూత పెట్టి ఆర్పవలెను.
4. దోమలకు చుట్టకన్న దోమతెర శ్రేష్ఠము.
5. పూజకు ఒక అగరువత్తి చాలును. సాంబ్రాణి వేసిన తలుపులు తెరచి పొగ పోనీయవలెను.
6. మంట వెలుగుచుండగా నిదురపోరాదు. చలికాలమున మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే ఉంచరాదు. దాని నుండి వచ్చు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిదురలోనే ప్రాణము తీయును.

గదిలో ముక్క వాసన ఉన్నయెడల అది తేమ వలననో, మురుగు వలననో, గాలి ఆడకనో కలుగును. పైరు పసుపుబారినపుడు వేరును చూచునట్లే, ఇంటిలోను కారణమును వెదకి తొలగించవలెను. పట్టణమందున్న మీ పిల్లలకు ఈసారి ఫోను చేయునపుడు, రాత్రి కిటికీ తెరచి పడుకొనుచున్నారా యని ఒక్క మాట అడుగుడు. దోమతెర లేనిచో ఒకటి కొని పంపుడు.