చూపునకు చదువు



కన్నులున్నవారెల్లరు చూతురనుట లోకుల నమ్మకము. న్యాయస్థానమున మాకు దినదినమును ఇందుకు విరుద్ధమైన నిదర్శనమే లభించుచున్నది. "ఏమి చూచితివి?" అని యడిగిన, సాక్షి తాను చూచినదానిని గాక ఊహించినదానిని చెప్పును. అతడు బొంకుట లేదు. అతని చూపునకు చదువు లేదు. ఆ చదువు చెప్పు గురువు లిద్దఱు: శాస్త్రమును, కళయును.

బోధను చెఱకు తోటలకే పోవుదము. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు కాలువలకు దిగిన పిమ్మట గదా ఈ సీమలో చెఱకు విస్తరించినది! 1937లో శక్కర్‌నగరున కర్మాగారము స్థాపింపబడినది. పండిన తోట ముందు నిలిచిన పట్టణవాసికి కనబడునది పచ్చదన మొక్కటే. రైతు ఆకుల పసుపుఛాయను గమనించును. గడను తట్టి ధ్వని వినును. కోసి యెండ కెదురుగా పట్టి తళుకు చూచును. ఇది తరతరముల పరిశీలనము. దీనిని మూఢత్వమనువారే మూఢులు.

ఇక రిఫ్రాక్టోమీటరు. దాని పట్టకముపై ఒక రసబిందువు నుంచి వెలుతురువైపు చూడవలెను. రసమున కరగిన పదార్థ మెంత యధికమో కిరణ మంత యధికముగా వంగును. లోపలి కొలబద్దపై బ్రిక్సు అంకె తెలియును. గడ మొదటను కొనను తీసిన రసముల అంకెలు ఇంచుమించు సమానమైనచో తోట పండినదన్నమాట. కన్ను చెప్పలేని తారతమ్యమును గాజుముక్క చెప్పినది. అయినను దాని చూపునకును మేర గలదు. బ్రిక్సు లెక్కలోనికి చక్కెరతోపాటు కరగిన లవణాదులును వచ్చును. అందుచేతనే చక్కెరను వేఱుగా కొలుచుటకు పోలారిమీటరు కావలసివచ్చెను. నఱికిన చెఱకు బండిపై నిలిచి యెండుచుండగా తరిగిపోవు చక్కెరను తోటలో తీసిన అంకె యెఱుగదు.

ఇది పండితుల వినోదము కాదు, రైతు కూటి ప్రశ్న. కేంద్రప్రభుత్వము నిర్ణయించు చెఱకు ధర చక్కెర రికవరీతో ముడిపడియున్నది. 2022-23 నుండి ఆధారశాతము 10.25. ఆ శాతము రైతు తోటది కాదు, మిల్లు మొత్తముమీద లెక్కించినది. అనగా అద్దములో చూచువా డొకడు, ఫలము ననుభవించువాడు వేఱొకడు. శక్కర్‌నగరు కర్మాగారము 2015లో మూతపడిన పిదప చెఱకు దూరపు మిల్లుల త్రోవ పట్టినది. త్రోవ పెరిగిన తరుగును పెరుగును. ఇట్టి స్థితిలో తన తోట అంకెను తానే చదువుకొనలేని రైతు దేనినిబట్టి వాదించును?

కళ యీ లెక్కలు నేర్పదు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు మన నిజామాబాదు కారాగారమున బంధితులై, పండ్లు తోముకొన నిచ్చిన బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసిరి. కాపలావానికి గోడ గోడయే, కవికది పత్రము. ఆ కథ విన్నవారెవ్వరును కోట ప్రక్కగా పోవుచు ఆ గోడను వట్టి రాయిగా చూడజాలరు. చెఱకు నఱకు కూలివాని ముంజేతులపై ఆకులు గీసిన కోతలను ఏ బ్రిక్సు అంకె చూపగలదు? అందుకు కథకుడో చిత్రకారుడో రావలయును. ఇంతవరకు చాలినంత మంది రాలేదని మా అభిప్రాయము.

రిఫ్రాక్టోమీటరు గుప్పిట పట్టునంతటి వస్తువు. చందా వేసికొని యొకటి కొని, ఈ పఠనాలయపు బల్లపై దాశరథిగారి 'అగ్నిధార' ప్రక్కనే యుంచుదమని మేము ప్రతిపాదించుచున్నాము. సంతకు వచ్చు రైతులు చెఱకుగడ చేతబట్టుకొని లోనికి రావచ్చును.