తలకోనలో ఒక పగలు



ఈ రజతోత్సవ సభలో మనుచరిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఏటేట నేను చెప్పునది అదియే కనుక వారి కోరికలో వింత లేదు. కాని యీసారి ప్రవరుని హిమవత్పర్వతముమీదనే విడిచి, మిమ్ము మన తలకోనకు తీసికొని పోవుదును. నన్నచ్చటికి పంపినవాడు ప్రవరుడే.

కథ మీరెఱిగినదే. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని ఆ బ్రాహ్మణుడు హిమాలయమునకు పోయెను. చూడవలసినవి చూచి నాడే యిల్లు చేరుదు ననుకొనెను. మంచుకు పసరు కరగిపోయెను. దారి చెప్పువాడు లేడు. వరూధిని కనబడుట తరువాతి మాట. అడవి తెలిసినవాడొక్కడు వెంటనున్నచో ఆ ప్రబంధమే పుట్టకపోవునని నేను ఈ వేదికమీద ఎన్నియో మారులు నవ్వించితిని. నిరుడు అట్లే నవ్వించి, వనవర్ణనలలోని తరువుల పేళ్లు ఏకరువు పెట్టి కూర్చుండగా, ముందు వరుసలోని యొక బాలిక లేచి, "తాతా, నువ్వు చెప్పిన చెట్లలో మన కొండలో ఏవేవి ఉండాయి?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. అమరకోశములోని వనౌషధివర్గము నాకు కంఠస్థము. కాని అందులోని చెట్లలో పదింటినైనను ఆకు చూచి గుర్తింపలేను.

అందుచేత గడచిన మార్గశిరమున తలకోనకు పోయితిని. తిరుపతి నుండి భాకరాపేట కనుమ దాటి, నెరబైలు మీదుగా దారి. సిద్ధేశ్వరస్వామికి నమస్కరించి, రుసుము చెల్లించి, ఆ ప్రాంతపు యానాది పెద్ద నొకనిని వెంట దీసికొంటిని. వయసులో నాకంటె పదియేండ్లు పెద్ద. తన పేరు సభలలో చెప్పవలదని కోరెను గనుక చెప్పను. ఈ అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనమైనది, 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలమంతయు జీవావరణ పరిరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడెను. ఆ సంగతులన్నియు నాకు కాగితములవలన తెలియును. అతనికి కాగితములతో పనిలేదు.

నడక ప్రొద్దుననే మొదలైనది. మొదటి ఫర్లాంగులోనే నా పాండిత్యము తీరిపోయెను. చిరిమాను, జాలారి, బిల్లుడు, తెల్లకరక – చేతికఱ్ఱతో చూపుచు అతడు ముందు నడచుచుండెను. వేగిస చెట్టు కడ నిలిచి, దీని చేవతో చేసిన గిన్నెలో రాత్రి నీరు పోసి ఉదయము త్రాగుదురని చెప్పెను. చక్కెరవ్యాధి గల నేను చెవియొగ్గి వింటిని. మందు మానలేదు లెండి. గిల్లతీగ యనునది తీగయా మ్రానా తెలియదు. ఏనుగు తొండమంత లావున ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు ప్రాకి, పైన గజము పొడవు కాయలు వ్రేలాడదీసికొని యుండును.

ఎఱ్ఱచందనమును అతడు చూపకముందే నేను దాటిపోయితిని. నల్లని బెరడు మొసలితోలువలె పలకలు పలకలుగా పగిలియున్నది. ఆకు మూడేసి రేకులు. ఇంతటి ప్రసిద్ధ వృక్షము ఇంత సామాన్యముగా నుండునా యని దగ్గఱకు పోయి, రాలిపడిన కొమ్మ నెత్తి వాసన చూచితిని. అతడు పకపక నవ్వెను. "వాసన యాడుంటుంది సామీ, ఇది గంధం చెట్టు గాదే!" అనెను. అప్పుడు జ్ఞప్తికి వచ్చినది: రక్తచందనమునకు అమరసింహుడు చెప్పిన పర్యాయములలో 'కుచందన' మొకటి. పరిమళము లేదు గనుక ఆ తక్కువ మాట పడినదని నా యూహ. ఆ కుచందనమే నేడు జపానులో సంగీతవాద్యములకు, ఇతర దేశములలో రంగులకు, కొయ్యసామానులకు కావలసివచ్చి, దొంగల పాలగుచున్నది. ప్రపంచములో ఇది సహజముగా పెరుగునది మన శేషాచలము, వెలిగొండ, లంకమల, పాలకొండ మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగముననే.

ఒక బండనెఱ్ఱెలో బంగారు బల్లిని కూడ చూపెను. పసిమిచాయ, ప్రక్కనే తెల్లని గ్రుడ్లు గుంపుగా ఱాతి కంటుకొనియున్నవి. 1870లో దీనిని శాస్త్రలోకమునకు తెలిపినవాడు మద్రాసు అటవీశాఖాధికారి బెడ్డోము. కంచికి పోయి బంగారు బల్లిని తాకివచ్చినవారు ఈ సభలో సగముమంది యుందురు. ప్రాణమున్నది మన కొండలోనే యున్నది!

జలపాతము 270 అడుగులు. వర్ణింపను, ప్రబంధకవులు ఆ పని చాలినంత చేసిరి. ఆ నీటి యొడ్డున చద్ది విప్పుకొన్నప్పుడు జరిగిన దొకటి చెప్పవలెను.

నేను లెక్కలు వ్రాసి బ్రతికినవాడను. అలవాటుచొప్పున నోటుపుస్తకములో గీతలు గీసి కాలములు పెట్టుకొంటిని: వరుస సంఖ్య, పేరు, గుఱుతు, ఉపయోగము, ఉన్నచోటు. అతడు చదువనేరడు గాని, కడపటి కాలము దేనికని యడిగెను. చెప్పితిని. తినుచున్న ముద్ద ప్రక్కన పెట్టెను.

"పేరు రాసుకో సామీ, గుర్తు రాసుకో. చోటు మాత్రం రాయొద్దు."

"అదేమన్నా, చోటు లేని లెక్క లెక్కా?" అంటిని. సర్వే నంబరు లేని భూమి యెట్టిదో నాకు చోటు లేని పద్దు అట్టిది.

అప్పుడు చెప్పెను. కొన్నియేండ్ల క్రిందట ఎవడో తెలియనివాడు గుడిసెకు వచ్చి, చెట్టు నరకనక్కఱలేదు, దావ చూపిన చాలును, ఏడాది కూలి ఒక్క దినమున నిత్తు ననెనట. ఇతడు కాదనెను. కాదన్నందుకు వాండ్రేమి చేయుదురో యని నెలదినములు కూతురింట తలదాచుకొనెను. తిరిగివచ్చిన పిమ్మట, వాండ్రు నీయొద్దకే యేల వచ్చిరని వేఱొకరు నిలదీసిరి. "అడివి తెలిసినోడంటే రెండు పక్కలా అనుమానమే సామీ. అందుకే నా కొడుక్కి నేను చెట్టు చూపించలా. వాడు తిరుపతిలో ఆటో తోలుకుంటా ఉండాడు, బాగుండాడు."

2015 ఏప్రిల్ 7న ఈ శేషాచల వనములలోనే, తమిళనాడు నుండి వచ్చిన ఇరువదిమంది పోలీసు కాల్పులలో చనిపోయిరి. ఆ వార్తను నేను ఈ గ్రంథాలయపు బల్లమీదనే పత్రికలో చదివి మడచిపెట్టితిని. ఆ మధ్యాహ్నము మాత్రము అది నన్ను విడువలేదు. తండ్రి తన విద్యను కొడుకునకు చెప్పుటకు భయపడు కాలమును గూర్చి ఏ పురాణములోను నేను చదివి యుండలేదు.

కడపటి కాలమును కొట్టివేసితిని. అతడు ముద్ద యెత్తుకొనెను.

దిగివచ్చునప్పుడు అతడే ముందుకంటె తఱచుగా ఆగి చెప్పసాగెను. చీకటి పడకముందే గుడికడకు చేరితిమి. పుస్తకములో నలువదియొక్క పేళ్లు. అందులో నా నిఘంటువులతో సరిపోల్చుకొనగలిగినవి తొమ్మిది మాత్రమే. తక్కిన ముప్పదిరెండు అతని నోటిలో తప్ప నాకెచ్చటను దొరకలేదు.

ఆ పుస్తకమును అట్టవేయించి గ్రంథాలయమున కిచ్చితిని. రెండవ బీరువాలో, మనుచరిత్రము ప్రక్కన నున్నది. నిరుడు ప్రశ్న యడిగిన బాలికయే మొదట చదివెను. వాళ్ల అవ్వ నడిగి రెండు పేళ్లు తన చేతితో చేర్చినది. మేకలు కాచినవారు, కట్టెమోపులు దించినవారు, కాన్పులకు వేళ్లు నూఱిన అవ్వలు మన యూర ఇంకను కలరు. వారిలో పెక్కురు ఈ గ్రంథాలయపు గడప త్రొక్కినవారు కారు. ప్రతి ఆదివారము ఉదయము ఎనిమిది మొదలు పదిగంటల వఱకు నేనచ్చట కలమును పుస్తకమును పెట్టుకొని కూర్చుందును. వారిని వెంటబెట్టుకొని రండు. చోటు అడుగనని ముందే చెప్పి తీసికొనిరండు.