ఎడారి లోయలో మసక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏదైనా మాట్లాడు, నీ ఉద్యోగం గురించి మాత్రం వద్దు అని మన కార్యదర్శి షరతు పెట్టాడు. థర్మల్ కేంద్రాల చిమ్నీల పక్కన ముప్పై ఏళ్లు గడిపినవాడికి పొగ తప్ప ఇంకేం తెలుస్తుందండీ? అందుకని పొగ గురించే చెబుతాను. కాకపోతే అది అమెరికాలో, గ్రాండ్ కాన్యన్ మీది పొగ.

పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. అరిజోనా ఎడారిలో కొలరాడో నది కోసిన లోయ అది. లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. దక్షిణపు అంచున నిలబడితే ఉత్తరపు అంచు దాదాపు 16 కిలోమీటర్లు. గాలి శుభ్రంగా ఉన్న రోజు ఎదుటి గోడలో రాతి పొరలు లెక్కపెట్టవచ్చు. కొన్ని రోజులు మాత్రం అంతా తెల్లటి మసక. ఎడారి కదా, దుమ్మేలే అనుకుంటారు. దుమ్ముకూ వాటా ఉంది, అడవి మంటల పొగకూ ఉంది. కానీ పెద్ద వాటాదారుల్లో ఒకటి సల్ఫేట్.

మన పాత పెంకుల షెడ్డులో పెంకు పగిలిన చోట ఎండ కర్రలా దిగేది, గుర్తుందా? దాన్ని మన కంటికి చూపించింది గాలిలోని ధూళి. వెలుగును మనవైపు చెదరగొట్టేది. లోయలో ఇదే రెండు రకాలుగా జరుగుతుంది. ఎదుటి గోడ నుంచి రావలసిన వెలుగును కణాలు దారిలోనే పక్కకు తోసేస్తాయి. పైగా ఎండను తెచ్చి మన చూపుకు అడ్డంగా పరుస్తాయి. దాంతో నీడలు వెలిసిపోతాయి, ఎర్రరాయి పాలిపోతుంది.

ఈ పనిలో ఆరితేరినవి మైక్రాన్‌లో సగం ఉండే కణాలు, ఎందుకంటే వెలుగు తరంగం పొడవూ ఇంచుమించు అంతే. పది మైక్రాన్ల ధూళి రేణువు ఒక్కదాని పదార్థంతో అలాంటివి ఎనిమిది వేలు తయారవుతాయి. సల్ఫేట్ ఆ కోవలోదే. తేమ తగిలితే నీళ్లు పీల్చి ఇంకా ఉబ్బుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. చిమ్నీ నుంచి వచ్చేది సల్ఫేట్ కాదు, సల్ఫర్ డయాక్సైడ్. అది కంటికి కనబడని వాయువు. మా ఈఎస్‌పీ బూడిదను పడుతుంది గానీ దీన్ని పట్టలేదు. చిమ్నీ పైన ఆకాశం నీలంగానే ఉంటుంది. ఆ వాయువు గాలివాటున పోయి, చలికాలపు మబ్బు తేమలో సల్ఫేట్‌గా మారి, ఎక్కడో లోయలో తేలుతుంది.

కాన్యన్‌కు ఈశాన్యంగా పేజ్ అనే ఊరి దగ్గర 2,250 మెగావాట్ల నవాహో బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. మన రామగుండం ఎన్టీపీసీ 2,600 అని గుర్తు చేసుకుంటే దాని సైజు తెలుస్తుంది. 1987 చలికాలంలో ఆ చిమ్నీ పొగలో భార హైడ్రోజన్‌తో చేసిన మీథేన్ కలిపి వదిలారు. మామూలు గాలిలో అది దాదాపు ఉండదు. కాన్యన్ దగ్గర గాలి పట్టి చూస్తే దొరికింది. మసకలో ఆ కేంద్రం వాటా ఎంతన్న దానిపై పెద్ద వాదులాటే నడిచింది. చివరికి 1991లో ఒప్పందం కుదిరి, 1999 నాటికి సల్ఫర్ వాయువును తొంభై శాతం కడిగేసే స్క్రబ్బర్లు పెట్టారు. మనం ఎఫ్‌జీడీ అనేది దాన్నే.

కొండ కనబడడానికి ఇంత ఖర్చా అని అక్కడా అడిగారు. జాతీయ పార్కుల్లో చూపు మసకబారకూడదని వాళ్లు 1977లోనే చట్టంలో రాసుకున్నారు. నా మటుకు నాకు ఆ ఖర్చు సబబే. శుభ్రమైన గాలికి చిటికెడు మురికి చాలు. నగరంలో ఎవరూ గమనించనంత సల్ఫేట్ అక్కడ కొండనే చెరిపేస్తుంది.

ఆ కేంద్రం 2019 నవంబరులో మూతపడింది. మసక వల్ల కాదు, సహజవాయువు చవకై. అందులో, దాని గనిలో పనిచేసిన నవాహో, హోపీ కుటుంబాలకు జీతాలు పోయాయి. వాళ్ల నేలలో తవ్విన బొగ్గుతో పుట్టిన కరెంటు ఫీనిక్స్, టూసాన్ నగరాలకు నీళ్లు తోడింది. నవాహో నేల మీద వేల ఇళ్లకు మాత్రం కరెంటు తీగ రాలేదు. ఎఫ్‌జీడీ డిజైన్లలో ఈ లెక్కకు గడి ఉండదు. 2020 డిసెంబరులో మూడు చిమ్నీలనూ కూల్చేశారు.

ఈసారి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కణాలు సూర్యుడికి ఎదురుగా చూసినప్పుడే ఎక్కువ మెరిసి చూపును చెడగొడతాయి. కాబట్టి పొద్దున పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు చూడండి. ఫొటోలు కూడా బాగా వస్తాయి.